పొలిమేర దాటిన తీర్పు



ఒక యూరి పెద్దలు రచ్చబండపై గూర్చుండి, ఇరుపక్షముల మాటలు విని చెప్పిన తీర్పు ఆ యూరిలో చెల్లును. గెలిచినవాడు ఏరు దాటి ఆవలి యూరికి బోయి, ఆ తీర్పునే చూపి, "ఇతని యెడ్లను నాకు తోలిపెట్టుడు" అని యడిగినచో ఆ యూరి పెద్దలు ఏమందురు? "ఈ తగవు తీర్చుటకు వారికి అధికార మెక్కడిది? ఇతనిని పిలిచి, ఇతడు చెప్పినది వినిరా?" అని యడుగుదురు. ఈ రెండును మిక్కిలి సామాన్యమైన ప్రశ్నలు. అయినను, దేశమునకు దేశమునకు నడుమ నడచు వ్యాజ్యములను గూర్చి న్యాయపండితులు ఏడువందల యేండ్లుగా తర్కించి తేల్చినదానిలో సారము ఈ రెండు ప్రశ్నలే. ఆ చరిత్రను నేడు మీకు విన్నవింప దలచితిని.

ఈ శాస్త్రమునకు వైయక్తిక అంతర్జాతీయ న్యాయమని పేరు. పేరు విని, ఇది ప్రభుత్వములు తమలో తాము చేసికొను సంధివిగ్రహములను గూర్చినదని తలంపరాదు. వేర్వేరు దేశముల చట్టములకు లోబడిన సామాన్యజనులు పెండ్లి, ఆస్తి, అప్పు, వ్యాపారము మొదలగు విషయములలో తగవులాడునపుడు వాటిని తీర్చు పద్ధతియే ఇది. ఇందు ముఖ్యముగా మూడంశములు విచారింపబడును. ఏ దేశపు కోర్టు ఈ తగవును వినవలెను? వినిన కోర్టు ఏ దేశపు చట్టము ననుసరింపవలెను? ఒక దేశమున చెప్పిన తీర్పు మరియొక దేశమున ఎంతవరకు చెల్లును?

ఈ విచారణ ఇటలీ దేశమున బాగుగా వేళ్లూనినది. 14వ శతాబ్దమున ఆ దేశపు ఉత్తరభాగమున ఒక్కొక్క పట్టణము ఒక్కొక్క రాజ్యమువలె నుండెను. ఒక్కొక్కదానికి వేర్వేరు కట్టుబాట్లు. వర్తకుడు ఉదయమున ఒక పట్టణమున సరకు కొని, మరునాడు వేరొక పట్టణమున అమ్ముకొనెడివాడు. తగవు వచ్చినపుడు ఏ కట్టుబాటు చెల్లవలెనని చిక్కు కలిగెడిది. పెరూజియా నగరమున శాస్త్రము బోధించి 1357లో మరణించిన బార్తోలస్ అను పండితుడు ఈ చిక్కును విప్పబూనెను. ఆయన యెత్తిన ప్రశ్నలలో నొకటి మనవారికి సులభముగా బోధపడును. ఇంగ్లండు ఆచారము ననుసరించి తండ్రి ఆస్తి యంతయు జ్యేష్ఠపుత్రునకే దక్కును. ఇటలీలోనో, కుమారులందరికిని పాలు గలదు. ఒకనికి రెండు దేశములందును ఆస్తి యుండి యతడు మరణించినచో పంపకము ఎట్లు చేయవలెను?

బార్తోలస్ ఆ యాచారమునందలి పదముల వరుసను బట్టి సమాధానము చెప్పెను. "ఆస్తి జ్యేష్ఠునకు చెందును" అని యున్నచో అది ఆస్తిని గూర్చిన కట్టుబాటు. "జ్యేష్ఠుడు ఆస్తిని పొందును" అని యున్నచో అది మనుష్యుని గూర్చిన కట్టుబాటు అని విభజించెను. మాటను అటునిటు త్రిప్పినంతనే పొలము చేతులు మారునా యని తరువాతి పండితులు ఈ తర్కమును పరిహసించిరి. అయినను ఆ విభజనము మాత్రము నిలిచినది. భూమిని గూర్చిన తగవును ఆ భూమి యున్న దేశపు చట్టము ననుసరించియే తీర్పవలెనను సూత్రము నేటికిని చెల్లుచున్నది. గుంటూరు జిల్లాలోని మాగాణిపై హక్కు ఎవరిదో పరదేశపు కోర్టు నిర్ణయింపజాలదు. ఎంతదూరము పోయినను మనిషి పోవును గాని పొలము పోదు గదా.

బార్తోలస్ తరువాత మూడువందల యేండ్లకు హాలండు దేశపు ఫ్రీస్లండు ప్రాంతమున ఉల్రిక్ హ్యూబర్ అను నతడు 1689లో కొద్ది పుటల వ్యాసము నొకటి ప్రకటించెను. ప్రతి రాజ్యపు చట్టము తన యెల్లలోపలనే చెల్లుననియు, ఆ యెల్లలో నున్నవారందరు, స్థిరముగా నున్నను తాత్కాలికముగా నున్నను, ఆ చట్టమునకు లోబడినవారే యనియు అతడు చెప్పెను. ఇంతటితో నిలిచినచో ఒక దేశమున పొందిన హక్కు పొలిమేర దాటగానే సున్న యగును. కావున మూడవ సూత్రము నొకటి చేర్చెను. ఒక దేశమున న్యాయముగా పొందిన హక్కును తక్కిన రాజ్యములు మర్యాదకొరకు మన్నింపవలెను. అయితే ఆ మన్ననవలన తమ యధికారమునకు గాని తమ ప్రజల హక్కులకు గాని భంగము కలుగరాదు. ఇరుగుపొరుగు మర్యాద యొకవైపు, ఇంటివారి రక్షణ యొకవైపు. ఈ శాస్త్రమంతయు ఆ రెండింటి నడుమ పట్టిన త్రాసువంటిది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. పరదేశపు చట్టము అనగా సముద్రములు దాటి వచ్చునదని నేటివారు తలంతురు. మన తాతల కాలమున అది ఏటి కావలి యొడ్డుననే యుండెను. కృష్ణకు దక్షిణపుటొడ్డున పలనాడు మద్రాసు రాజధానికి చేరియుండ, ఉత్తరపుటొడ్డున నల్లగొండ నైజాము రాజ్యమునకు చేరియుండెను. మునగాల పరగణా కృష్ణాజిల్లాలోని భాగమయ్యును నలువైపుల నైజాము భూమిచే చుట్టబడియుండెను. ఆ పరగణానుండి ఎటు నడచినను కొంతసేపటికి వేరొక ప్రభుత్వపు కోర్టులు, వేరొక ప్రభుత్వపు చట్టములు ఎదురయ్యెడివి. బ్రిటిషు ఇండియా కోర్టుల దృష్టిలో నైజాము కోర్టు తీర్పు పరదేశపు తీర్పే. భాష యొకటే, బంధుత్వములు కలసినవే. కాని తీర్పునకు ఆ బంధుత్వము లేకుండెను.

గోదావరీతీరమున యానాము కథ మరింత వింతయైనది. అది 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టము పుట్టి, మరుసటి యేడు అమలునకు వచ్చెను. కన్యకు పదునాలుగేండ్లును, వరునకు పదునెనిమిదేండ్లును నిండక పెండ్లి చేసినవారిని అది శిక్షార్హులను చేసెను. ఆ చట్టము యానామునకు వర్తింపదు. కావున చుట్టుప్రక్కల గ్రామములవారు పెండ్లివారినందరిని వెంటబెట్టుకొని యానామునకు బోయి బాల్యవివాహములు జరిపించి మరలి వచ్చెడివారు. ఆ యూరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. వారు చేసిన పని మంచిదని నేను చెప్పుట లేదు. ఆ చిన్నపిల్లలకు అది కీడే చేసినది. కాని పొలిమేరను అడ్డుపెట్టుకొని ఇంటి చట్టమును తప్పించుకొను ఉపాయము మనకు క్రొత్తది కాదని తెలియుటకై చెప్పితిని. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీని పోలిక మరల వచ్చును.

పొలిమేర దాటిన తీర్పును గూర్చి మన దేశమునుండి పుట్టిన గొప్ప వ్యాజ్యము ఫరీదుకోట రాజుది. ఫరీదుకోట పంజాబులోని ఒక చిన్న సంస్థానము. సర్దార్ గురుదయాళ్ సింగ్ అను నతడు 1869 మొదలు ఐదేండ్లు ఆ సంస్థానమున కోశాధికారిగా పని చేసెను. అతని స్వస్థలము జీంద్ అను మరియొక సంస్థానము. 1874లో ఉద్యోగము విడిచి అతడు వెడలిపోయెను. కొన్నియేండ్ల పిమ్మట, కోశాధికారిగా నున్నపుడు అతడు తనకు బాకీపడెనని రాజు ఫరీదుకోట కోర్టులోనే దావాలు తెచ్చెను. ప్రతివాది అక్కడికి పోలేదు, ఆ కోర్టు అధికారమును అంగీకరింపలేదు. కోర్టు ఏకపక్షముగా డిక్రీ లిచ్చెను. రాజు ఆ డిక్రీలను ఆధారముగా జేసికొని బ్రిటిషు ఇండియాలోని లాహోరున మరల దావాలు వేయగా, వ్యవహారము తుదకు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు నెక్కెను.

రాజు పక్షమువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఉద్యోగము జరిగినది ఫరీదుకోటలో, లెక్కలున్నవి ఫరీదుకోటలో, బాకీ యేర్పడినదియు ఫరీదుకోటలోనే. మరి తగవును అక్కడగాక ఎక్కడ తీర్పవలెను? అయినను ప్రీవీ కౌన్సిలు 1894లో ఆ డిక్రీలు బయట చెల్లవని నిర్ణయించెను. దావా వేసిన నాటికి ప్రతివాది ఆ రాజ్యమున లేడు, ఆ రాజ్యపు ప్రజ కాడు, ఆ కోర్టునకు తానై లోబడలేదు. అట్టివానిపై అతని పరోక్షమున ఇచ్చిన డిక్రీ ఆ రాజ్యపు చట్టము ననుసరించి లోపల చెల్లిన చెల్లునేమో గాని, పొలిమేర దాటగానే శూన్యము. వాది తానే ప్రతివాది యున్న చోటికి పోయి న్యాయము కోరవలెను. ఒక సంస్థానాధీశునకును, అతని కొలువు మానిన యుద్యోగికిని నడచిన పోరాటమున ఇట్టి తీర్పు రావడము సామాన్యము కాదు. ఈ తీర్పును నేటికిని ఎన్నియో దేశముల న్యాయస్థానములు స్మరించుచున్నవి.

ఇట్టి సూత్రములే మన 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 13వ సెక్షనులో అక్షరరూపము దాల్చినవి. ఆ సెక్షను ప్రకారము పరదేశపు తీర్పు సాధారణముగా మాన్యమే. కాని ఆరు లోపములలో ఏ యొక్కటి యున్నను అది మనలను కట్టివేయదు. తగిన యధికారము లేని కోర్టు చెప్పుట. వ్యాజ్యపు గుణదోషములను విచారింపక చెప్పుట. అంతర్జాతీయ న్యాయమును తప్పుగా గ్రహించుట, లేక మన చట్టము వర్తింపవలసినచోట దానిని నిరాకరించుట. సహజన్యాయమునకు విరుద్ధముగా విచారణ జరుపుట. మోసముచే తీర్పు పొందుట. మన దేశపు చట్టమును ఉల్లంఘించిన హక్కును నిలబెట్టుట. వీనిలో మొదటిదియు నాలుగవదియు పరికింపుడు. అధికారము కలదా, పిలిచి వినిరా యని మన రచ్చబండ పెద్ద లడిగిన ప్రశ్నలే యవి.

1948లో నైజాము పాలన యంతరించెను. 1950లో రాజ్యాంగము వచ్చెను. కృష్ణ కీవలావల నుండిన కోర్టులు ఒకే దేశపు కోర్టులైనవి. ఇక ఈ చిక్కులు తీరినవని యనుకొనుచుండగా మనవారు సముద్రములు దాట నారంభించిరి. అమెరికా ప్రభుత్వము 1965లో తన వలస చట్టమును సడలించిన పిమ్మట వైద్యులు, ఇంజనీర్లు, పండితులు పెక్కండ్రు ఆ దేశమునకు బోయిరి. పెండ్లి మన దేవాలయములలో, కాపురము అక్కడ. సంసారము చెడినపుడు తగ వెక్కడ తీరవలెను?

ఈ ప్రశ్న మన తెలుగునాటనుండియే సుప్రీముకోర్టునకు పోయెను. 1975లో తిరుపతిలో హిందూధర్మము ననుసరించి ఒక వివాహము జరిగెను. మూడేండ్లకు భార్యాభర్తలు విడిపడిరి. అమెరికాలో నున్న భర్త మొదట తిరుపతి కోర్టులో విడాకులకు అర్జీ పెట్టెను. అందులో తన నివాసము లూసియానా రాష్ట్రమని వ్రాసెను. తరువాత మిస్సోరి రాష్ట్రపు కోర్టులో మరియొక అర్జీ వేసి, తాను తొంబది దినములుగా ఆ రాష్ట్రమున నివసించుచున్నానని చెప్పెను. ఆ రాష్ట్రపు చట్టమునకు ఆ తొంబది దినములు చాలును. భార్య ఇక్కడనే యుండి, ఆ కోర్టు అధికారమునకు తాను లోబడుట లేదని స్పష్టముగా జెప్పుచు తన సమాధానమును పంపెను. ఆమె పరోక్షముననే 1980లో విడాకుల డిక్రీ వెలువడినది. వివాహము మరల అతుకని విధముగా విరిగిపోయినదను కారణముపై ఆ డిక్రీ ఇయ్యబడెను. 1955వ సంవత్సరపు మన హిందూ వివాహ చట్టములో అట్టి కారణము లేదు. భర్త 1981లో మరియొక స్త్రీని వివాహమాడెను. మొదటి భార్య, తన వివాహము నిలిచియుండగా అతడు రెండవ పెండ్లి చేసికొనెనని క్రిమినలు కోర్టులో ఫిర్యాదు చేసెను.

యానాము పెండ్లిండ్ల పోలిక ఇచ్చట మీకు స్ఫురించియే యుండును. ఆ దినములలో పెండ్లి చేయుటకు పొలిమేర దాటిరి. ఈ దినములలో పెండ్లి విడుచుటకు పొలిమేర దాటిరి.

సుప్రీముకోర్టు 1991 జూలైలో తీర్పు చెప్పెను. తొంబది దినముల నివాసము విడాకులు పొందుటకై చట్టమును తృప్తిపరచిన నివాసమే గాని నిజమైన స్థిరనివాసము కాదనియు, డిక్రీకి ఆధారమైన కారణము దంపతులు ఏ చట్టమున వివాహమాడిరో ఆ చట్టమున లేదనియు చెప్పి, ఆ డిక్రీ మన దేశమున చెల్లదని నిర్ణయించెను. అంతటితో నాగక ముందు వ్యాజ్యములకు సూత్రము నొకటి యేర్పరచెను. వివాహము ఏ చట్టము క్రింద జరిగెనో ఆ చట్టము ప్రకారమే పరదేశపు కోర్టునకు అధికారము నుండవలెను, ఆ చట్టములోని కారణముపైననే డిక్రీ ఇయ్యవలెను. దీనికి మూడు మినహాయింపులు గలవు: ప్రతివాది స్థిరముగా నివసించు చోటనే అర్జీ పడి, మన చట్టములోని కారణముపై డిక్రీ ఇచ్చుట, ప్రతివాది తానై మనఃపూర్వకముగా ఆ కోర్టునకు లోబడి, మన చట్టములోని కారణముపై వచ్చిన అర్జీతో పోరాడుట, లేదా ప్రతివాది విడాకులకు సమ్మతించుట.

ఆ తీర్పులో నాకు మిక్కిలి విలువైనదిగా తోచిన మాట వేరొకటి కలదు. నోటీసు చేరినంతమాత్రమున ప్రతివాదికి అవకాశ మిచ్చినట్లు కాదని న్యాయమూర్తులనిరి. ఆమె అక్కడికి పోయి వాదించుకొనగల స్థితిలో నున్నదా యని పరదేశపు కోర్టు విచారింపవలెను. అవసరమైనచో ప్రయాణపు ఖర్చు, బస ఖర్చు, వ్యాజ్యపు ఖర్చు సయితము అర్జీదారునిచే ఇప్పింపవలెను. పిలుచుట వేరు, వచ్చుటకు వీలు కల్పించుట వేరు. కాళ్లు కట్టివైచి రమ్మని కేక వేసినచో అది పిలుపు కాదు.

అయితే ఈ తీర్పువలన చిక్కులన్నియు తీరెనని చెప్పజాలను. మన కోర్టు చెల్లదన్న డిక్రీ మిస్సోరిలో చెల్లకపోదు. అదే స్త్రీ ఇక్కడ భార్య; అక్కడ కాదు. న్యాయశాస్త్రజ్ఞులు ఇట్టిదానిని కుంటి వివాహమందురు. ఒక దేశమున నిలిచి, మరియొక దేశమున కూలినది గావున ఆ పేరు. ఈ కుంటితనమును పోగొట్టుటకే దేశములు కూడి ఒడంబడికలు చేసికొనుచున్నవి. టోబియాస్ ఆసర్ అను డచ్చి పండితుని ప్రయత్నమున 1893లో హేగు నగరమున మొదటి సమావేశము జరిగెను. ఆ కృషిని మెచ్చి 1911లో ఆయనకు నోబెలు శాంతి బహుమానమునందు భాగ మిచ్చిరి. యుద్ధములాపినవారికే గాక, సంసారముల తగవులకు, వర్తకుల తగవులకు దారి చూపినవారికిని ఆ గౌరవము దక్కుట గమనింపదగినది. మన దేశము పరదేశపు సమనులను అందజేయుటను గూర్చిన హేగు ఒడంబడికలో చేరగా, అది 2007లో మనకు అమలునకు వచ్చెను. దానిలో చేరిన దేశముల కోర్టు కాగితములు మన కేంద్ర ప్రభుత్వపు న్యాయశాఖ మూలమున రావలెను.

డబ్బు డిక్రీల మార్గము వేరు. 1937లో మన కోడునందు 44ఎ అను సెక్షను చేర్చబడెను. పరస్పర మర్యాద పాటించు దేశములుగా మన ప్రభుత్వము ప్రకటించిన దేశముల పైకోర్టులు ఇచ్చిన డబ్బు డిక్రీలను మన జిల్లాకోర్టులో నేరుగా అమలు జరుపవచ్చును. 13వ సెక్షనులోని ఆరు లోపములు లేకుండిన చాలును. ఇంగ్లండు, సింగపూరు మొదలగునవి ఆ జాబితాలో గలవు. 2020లో దుబాయి, అబుదాబి మొదలగునవి కూడిన అరబ్బు ఎమిరేట్సు రాజ్యమును అందు జేర్చిరి. అమెరికా అందులో లేదు. అక్కడి డిక్రీ గెలిచినవాడు మూడేండ్లలోపల ఇక్కడ క్రొత్తగా దావా వేయవలెను. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు బోయినవారు దీనిని ముఖ్యముగా గుర్తింపవలెను. అక్కడ బ్యాంకులో అప్పు చేసి ఇంటికి వచ్చినచో అప్పు అక్కడనే నిలిచిపోవునని కొందరు నమ్ముచున్నారు. 2020 తరువాత ఆ నమ్మకమునకు ఆధారము తగ్గినది. ఈ న్యాయము పిలువబడనివానిని కాపాడును. పిలువబడియు దాగినవానిని కాపాడదు.

పెద్దలైన మీయొద్దకు ఇట్టి తగవులు వచ్చుచుండును. పరదేశపు కోర్టు కాగితము ఇంటికి వచ్చినపుడు కొందరు దానిని చూచి భయపడి చించివేయుదురు. కొందరు ఎక్కడిదో మనకేమియని పెట్టెలో పడవేయుదురు. రెండును తగవు. ప్రతివాది రాకున్నను వాది సాక్ష్యమును చక్కగా విచారించి ఇచ్చిన తీర్పు గుణదోషములపై ఇచ్చినదే యని మన కోర్టులు అంగీకరింపవచ్చును. కావున మౌనము ఎల్లపుడును రక్షణ కాదు. కాగితము వచ్చిన తేదీ వ్రాసియుంచి, కవరుతో సహా భద్రపరచి, వెంటనే తెలిసిన న్యాయవాదికి చూపవలెను. ఆ కోర్టునకు అధికారము లేదని చెప్పదలచినచో మొదటి సమాధానముననే ఆ మాటను స్పష్టముగా వ్రాయవలెను. తిరుపతి వ్యాజ్యములోని స్త్రీ అట్లే చేసినది. సమ్మతి పత్రముపై చదువక వ్రాలు చేయరాదు, చేయింపరాదు. సమ్మతి మినహాయింపులలో నొకటియని ఇదివరకే మనవి చేసితిని. పిల్లను పరదేశపు సంబంధమున కిచ్చునపుడు కట్నకానుకల లెక్కతోపాటు వివాహ రిజిస్ట్రేషను పత్రమును, వరుని నిజమైన నివాసస్థలమును కూడ విచారించి వ్రాసి యుంచుకొనవలెను.

రాజు ఒకవైపు, కొలువు మానిన యుద్యోగి యొకవైపు నిలిచినపుడును, సముద్రము దాటిన భర్త యొకవైపు, తిరుపతిలో మిగిలిన భార్య యొకవైపు నిలిచినపుడును న్యాయస్థానములు అడిగినది ఒక్కటే. మీ రచ్చబండపై మీరు అడుగునదియు అదే. దాని నడుగుట మానకుడు.